కౌలు సొమ్ము దాచిన ఊళ్ళు

ఐర్లండ్‌లోని గాల్వే నగరంలో కారిబ్ నది ఒడ్డున పెద్ద కేథడ్రల్ ఉంది. 1965లో అది పూర్తయింది. అంతకుముందు ఆ స్థలంలో జైలుండేది. బేదఖళ్ళకు వ్యతిరేకంగా జరిగిన నిషిద్ధ సభలో మాట్లాడినందుకు ఇంగ్లీషు కవి విల్‌ఫ్రిడ్ స్కావెన్ బ్లంట్‌ను 1888లో ఆ జైల్లోనే పెట్టారు. ఆ సభ 1887లో, జిల్లా తూర్పు కొసనున్న వుడ్‌ఫర్డ్‌లో జరిగింది.

అప్పటి ఐర్లండ్‌ది సగం ప్రజాస్వామ్యం. లండన్ పార్లమెంటుకు సభ్యులను ఎన్నుకునేవారు, పత్రికలు నడిచేవి, కోర్టులుండేవి. పాలించే చీఫ్ సెక్రటరీ మాత్రం లండన్ నియమించిన మనిషి. ఇలాంటి రాజ్యం ఒక సంఘాన్ని మూయించాలన్నా కాగితం మీద పని జరగాలి. ఆ కాగితానికి దొరక్కుండా బతకడం ఎలాగో మొదట చూపినవాడు డేనియల్ ఓకానెల్. 1823లో పెట్టిన కేథలిక్ సంఘానికి పేదలు నెలకొక పెన్నీ చందా ఇచ్చారు. 1825లో చట్టం దాన్ని అణచివేస్తే, విద్య, దానధర్మాల కోసమంటూ కొత్త సంఘం లేచింది. నాలుగేళ్ళకు కేథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరుచుకుంది.

1879లో కౌలుదారుల హక్కుల కోసం ల్యాండ్ లీగ్ పుట్టింది. 1880 జనవరిలో గాల్వే జిల్లా కారరోలో కౌలుదారులు కోర్టు నోటీసులు అందనివ్వలేదు. ముందు నిలబడింది ఆడవాళ్ళు. 1881 అక్టోబరులో లీగ్‌ను నిషేధించి నాయకులను జైల్లో వేస్తే, ఆనా పార్నెల్ నడిపిన మహిళా లీగ్ పని అందుకుంది. నిలువనీడ లేనివారికి గుడిసెలు వేయించింది, ఖైదీల కుటుంబాలను చూసుకుంది. మరుసటి ఏడు దాని నిధులు ఆపించింది సాక్షాత్తూ ఆమె అన్న, లీగ్ నాయకుడు చార్లెస్ పార్నెల్. ఓటు హక్కు కూడా లేని ఆ మహిళలకు సొంతవాళ్ళే చేసిన అన్యాయమిది. 1882లోనే ల్యాండ్ లీగ్ స్థానంలో నేషనల్ లీగ్ వచ్చింది.

ఇక వుడ్‌ఫర్డ్. అక్కడి భూస్వామి క్లాన్రికార్డ్ లండన్‌లో ఉండి కౌళ్ళు వసూలు చేసుకునేవాడు. 1886 ఆగస్టులో కౌలుదారులు ఒక ఇంటికి అడ్డుకట్టలు కట్టి రోజుల తరబడి పోలీసులను నిలువరించారు. ఆ ఇంటికి సాండర్స్ కోట అని పేరొచ్చింది. ఆ అక్టోబరులోనే ‘ప్లాన్ ఆఫ్ క్యాంపెయిన్’ వెలువడింది: న్యాయమనుకున్న కౌలు ఇవ్వజూపాలి, కాదంటే ఆ సొమ్ము నమ్మకస్తుల దగ్గర దాచాలి, బేదఖలైనవారికి దాంతోనే తిండి పెట్టాలి. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఈ డబ్బు కథే. సభను ఆపొచ్చు, శాఖను మూయొచ్చు. పొరుగువాడి చేతిలో నమ్మి పెట్టిన సొమ్మును వెతికి పట్టుకోవడం కష్టం.

నిజాం రాజ్యంలో మనవాళ్ళూ ఇలాగే దారి వెతుక్కున్నారు. సభలకు ముందే అనుమతి కావాలని ప్రభుత్వం శాసిస్తే, 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాలను, చదువును పట్టుకుంది. ఆ పట్టు మీదనే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ నిలబడింది.

అక్కడ ఐర్లండ్‌లో క్లాన్రికార్డ్ చివరిదాకా లొంగలేదు. 1915లో ప్రభుత్వ బోర్డే ఆ ఎస్టేటును అతని చేతిలోంచి బలవంతంగా కొనేసింది. అప్పటికి సాండర్స్ కోట కూలి 29 ఏళ్ళు.