సంక్షోభ వేళ సిరిసిల్ల మరమగ్గాలు: సాదా గుడ్డ నుంచి అంచు చీరకు

సిరిసిల్ల పేరు చెప్పగానే పాలిస్టర్ గుడ్డ, పెట్టికోట్ వస్త్రం గుర్తుకు వస్తాయి. ఉపాధి వెతుక్కుంటూ పూర్వపు కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు భివండి, సూరత్, షోలాపూర్‌లకు వలస వెళ్లాయి. భివండిలో పని నేర్చుకుని తిరిగివచ్చిన వారే సిరిసిల్లలో మరమగ్గాల వ్యాప్తికి బాటలు వేశారు. కాలక్రమంలో ఇక్కడ పాతిక వేలకు పైగా మరమగ్గాలు వెలిశాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సిరిసిల్ల రాజన్న పేరిట జిల్లా కేంద్రమైంది. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది.

ఈ పరిశ్రమలో ఉత్పత్తి మూడంచెలుగా సాగుతుంది. నూలు కొని బీములు ఇచ్చే యజమానులు, నాలుగైదు మగ్గాలతో కూలికి నేయించే ఆసాములు, మగ్గం నడిపే కార్మికులు ఆ మూడంచెలు. వీరి వెనుక వార్పిన్, వైపని కార్మికులు, కండెలు చుట్టే మహిళలు, మగ్గం మరమ్మతు చేసే జాపర్లు ఉంటారు. మగవారు మగ్గం మీద ఉంటే, అనేక ఇళ్లలో ఆడవారు బీడీలు చుట్టడం కద్దు. మగ్గం ఆగితే ఈ గొలుసంతా ఆగుతుంది.

అలా ఆగిన రోజులు సిరిసిల్లకు కొత్త కావు. పాలిస్టర్ నూలుకు దూరప్రాంతాలపై ఆధారపడటం, భివండి, సూరత్‌లలోని ఆధునిక మగ్గాలతో పాత సాదా మగ్గాలు పోటీ పడలేకపోవడం, అందరూ ఒకే రకం గుడ్డ నేయడం వల్ల ధర పతనం కావడం ఈ పరిశ్రమను కుంగదీశాయి. 2000 దశకంలో నేత కార్మికుల ఆత్మహత్యలు దేశవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు ఏర్పాటైనప్పటికీ, పట్టణంలోని వేలాది సాదా మగ్గాల సమస్య అలాగే మిగిలింది.

ఉత్పత్తి స్వరూపమే మారవలసిన అవసరం 2017లో స్పష్టంగా ముందుకు వచ్చింది. బతుకమ్మ పండుగకు ఆహార భద్రత కార్డుల కుటుంబాలలోని 18 ఏళ్లు నిండిన మహిళలకు చీరలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది నిర్ణయించింది. ఏటా సుమారు కోటి చీరలు కావాలి. తొలి ఏడాది వ్యవధి చాలక, కొంత భాగాన్ని రాష్ట్రం వెలుపల నుంచి కొనవలసి వచ్చింది. నాణ్యతపై విమర్శలు తలెత్తాయి. జగిత్యాల ప్రాంతంతో సహా పలుచోట్ల మహిళలు బాహాటంగానే నిరసన తెలిపారు. చీర కట్టేవారి ఈ అసంతృప్తి తరువాతి మార్పులకు ఎంతగానో దోహదపడిందని చెప్పక తప్పదు.

సాదా మగ్గంపై పడుగు దారాలు రెండు వరుసలుగానే లేచి దిగుతాయి. డాబీ అమర్చితే వరుసలు పెరిగి, అంచులో చిన్న పువ్వులు, గీతలు తేలతాయి. జరీ అంచు, భిన్నమైన రంగులు ఉన్న చీర నేయాలంటే మగ్గానికి కొత్త అమరిక, కార్మికునికి కొత్త నేర్పు అవసరమయ్యాయి. పది మగ్గాల యజమాని ఒంటరిగా ఇంత పెద్ద ఆర్డరును అందుకోలేడు. అందువల్ల 1995 నాటి చట్టం కింద నమోదైన పరస్పర సహాయ సహకార సంఘాలు (మ్యాక్స్), చిన్నతరహా యూనిట్లు ఆర్డరును పంచుకున్నాయి. ఒకే నమూనాను అనేక షెడ్లలో ఒకే కొలతకు నేయడం ఈ పట్టణానికి కొత్త అనుభవం. చేనేత సహకార సంస్థ టెస్కో నమూనాలు ఇచ్చి, నేసిన వస్త్రాన్ని సేకరించింది. జాకెట్టు గుడ్డతో కలిపి చీర 6.30 మీటర్లు, వృద్ధ మహిళల కోసం 9 మీటర్ల చీరలు కూడా నేశారు. నిఫ్ట్ డిజైనర్ల సహకారం, గ్రామీణ మహిళల అభిప్రాయాలు తోడై ఏటేటా రంగులు, అంచులు పెరిగాయి. సాదా గుడ్డ కంటే చీరకు కూలి ఎక్కువ కావడంతో కార్మికుల ఆదాయం మెరుగుపడింది. అయితే కూలి రేట్లపై సమ్మెల దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

ఇటలీలోని ప్రాటో పట్టణంలో కూడా చిన్న యూనిట్లే కలిసి ఉన్ని వస్త్రాలు తయారుచేస్తాయి. అక్కడ నమూనాలు తెచ్చి, పనిని పంచి, దేశదేశాల మార్కెట్లకు అమ్మే వర్తకులు వేరే ఉన్నారు. సిరిసిల్లలో ఆ పాత్రను ప్రభుత్వ సంస్థ నిర్వహించింది. కొనుగోలుదారు ఒక్కరే కావడం ఇక్కడి బలమూ, బలహీనతా. పండుగకు ముందు నెలలలో చేతినిండా పని, ఆ తరువాత ఖాళీ. 2023 తరువాత బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగాయి. పాత బకాయిలు పేరుకుపోయి, 2024 ఆరంభంలో పాలిస్టర్ యూనిట్లు మూతపడ్డాయి. ఆ ఏడాది ఆత్మహత్యల వార్తలు మళ్లీ వెలువడ్డాయి. డాబీ నేర్పు అందుబాటులో ఉన్నా, దానితో బహిరంగ మార్కెట్‌కు చీరలు నేసి అమ్ముకునే ఏర్పాటు అంతవరకు తగినంతగా ఎదగలేదు.

బకాయిలను విడతలుగా విడుదల చేయడంతో పాటు, 2024 నవంబరులో వేములవాడలో నూలు డిపో ప్రారంభమైంది. చిన్న యజమానులకు ఇది ముఖ్యమైన అవసరం, ఎందుకంటే నూలు ధర పెరిగినప్పుడు మొదట నష్టపోయేది వారే. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే ఇందిరా మహిళాశక్తి చీరల తయారీ 2025లో మగ్గాలకు తిరిగి పని కల్పించింది. పంపిణీ అదే ఏడాది నవంబరులో మొదలైంది.

ఏకరూప దుస్తుల విషయంలో సహకారం మరింత విస్తరించింది. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల దుస్తులకు సిరిసిల్ల మగ్గాలపై గుడ్డ తయారవుతోంది. 2024లో కుట్టు పనిని రాష్ట్రవ్యాప్తంగా స్వయం సహాయక సంఘాలకు అప్పగించి, జతకు 50 రూపాయలున్న కుట్టు కూలిని 75 రూపాయలకు పెంచారు. దీనితో సిరిసిల్ల నేత పని జగిత్యాల, కోరుట్ల వంటి పట్టణాల మహిళా సంఘాల కుట్టు మిషన్లతో ముడిపడింది. జూన్‌లో బడులు తెరిచేనాటికి దుస్తులు సిద్ధం కావాలంటే గుడ్డ వేసవి ఆరంభానికే కుట్టు కేంద్రాలకు చేరాలి. నూలు సకాలంలో బీమెక్కడంపైనే అది ఆధారపడి ఉంటుంది.