అమృత్ మహల్ కావళ్ళు

మైసూరు చరిత్రలో ఫిరంగులకు లభించిన ప్రసిద్ధి వాటిని లాగిన ఎడ్లకు లభించలేదు. ఆ ఎడ్లను పోషించిన పచ్చికబయళ్ళకు అసలే లభించలేదు. చిక్కదేవరాజ ఒడయరు (1672–1704) రాజప్రాసాదానికి పాలు, వెన్న సమకూర్చే ఆలమందల నిమిత్తం ‘బెణ్ణె చావడి’ అనే శాఖను నెలకొల్పి, రాజ్యంలో పలుచోట్ల మేతభూములను ప్రత్యేకించాడు. వీటికే కావళ్ళని పేరు. కన్నడ పదమే అయినా తెలుగువారికి దాని అర్థం వివరించనక్కరలేదు. హైదర్ అలీ ఈ మందలను సైనిక రవాణాకు వినియోగించాడు. టిప్పు సుల్తాను శాఖకు ‘అమృత్ మహల్’ అని పేరు మార్చి, నిర్వహణకు నిబంధనలు ఏర్పరచాడు.

కావళ్ళ విశేషమంతా వాటి ఋతువిభజనలో ఉన్నది. వానకాలపు కావలి, చలికాలపు కావలి, వేసవి కావలి అని అవి మూడు విధాలు. వర్షం కురిసినంతకాలమే నీరు దొరికే మెరకభూములు మొదటివి. వానలు వెనుకబట్టిన తరువాత కూడా వాగులలో కొన్ని నెలలు నీరు నిలిచేవి రెండవవి. చెరువుల అడుగు నేలలో ఎండలు ముదిరిన తరువాత గడ్డి మొలిచి, చుట్టూ చెట్లనీడ ఉండేవి మూడవవి. ఈ మూడవ తరగతి భూములే అత్యంత విలువైనవి. వేసవి మేతకోసం వాటిలోకి ఇతరుల పశువులను రానీయక కట్టుదిట్టంగా కాపాడేవారు. మంద వేసవి కావలికి తరలిన పిమ్మట తక్కిన కావళ్ళను రైతుల పశువులకు, గొర్రెలకు విడిచిపెట్టేవారు. ఒక బయలు నెలల తరబడి ఖాళీగా కనిపించినదంటే నిరుపయోగమని కాదు, గడ్డి తిరిగి పెరుగుతున్నదని అర్థం. రెవిన్యూ పరిభాషలోని ‘బంజరు’ అనే మాటలో ఈ భేదానికి చోటు లేదు.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత ఈ పశుసంపద ఇంగ్లీషువారి అధీనమైంది. 1860లో మద్రాసు ప్రభుత్వం పొదుపు పేరిట మందలను విక్రయించింది. సైన్యానికి తగిన ఎడ్లు దొరకక, 1866లో శాఖను పునరుద్ధరించవలసి వచ్చింది. అమ్మడానికి ఒక ఉత్తర్వు చాలింది. మందను తిరిగి కూర్చడానికి ఏళ్ళు పట్టింది.

1923లో శాఖ వ్యవసాయ విభాగం చేతికి వచ్చింది. అప్పటికే మోటారు వాహనాలు ఎద్దు స్థానాన్ని ఆక్రమిస్తున్నవి. ఒకప్పుడు నాలుగు లక్షల ఎకరాలు మించిన కావళ్ళు సాగుకు, వనీకరణకు, ఇతర అవసరాలకు క్రమంగా తరిగిపోయినవి. అనంతపురం జిల్లాను ఆనుకొని ఉన్న చళ్ళకెరె తాలూకాలో 2008 తరువాత కొద్ది సంవత్సరాలలోనే వేలాది ఎకరాల కావలి భూమి రక్షణ, పరిశోధన సంస్థలకు కేటాయింపబడింది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. చళ్ళకెరె కంబళ్ళకు పేరుపొందిన ఊరు. ఆ ఉన్ని నిచ్చిన గొర్రెలు మేసినది, రాజుల మంద మేసి వదిలిన ఆ బయళ్ళలోనే.