కలైకుండపై సేబర్ విమానములు

రైల్వే కొలువులకై వచ్చిన తెలుగువారు తరతరములుగా మసలు ఖరగ్‌పూరు గోల్‌బజారునకు కొద్ది మైళ్ల దూరముననే కలైకుండ విమానస్థావరమున్నది. 1965 సెప్టెంబరు 7 ఉదయమున ఢాకాలోని తేజ్‌గావ్ నుండి వచ్చిన పాకిస్తాను సేబర్ జెట్లు దానిపై రెండు మారులు దాడి సల్పి, నేలపైనున్న కాన్‌బెరా, వాంపైర్ విమానములను దగ్ధము చేసినవి. రెండవ మారు ఆల్‌ఫ్రెడ్ కుక్, మామ్‌గైన్‌లు హంటర్లతో తలపడగా సేబరొకటి కూలెను.

ఆ సేబర్లెక్కడివి? కమ్యూనిజమును నిరోధించుటకని 1954 మే 19న చేసికొనిన ఒడంబడిక పిమ్మట అమెరికా ఇచ్చినవి. ఆ సహాయము దురాక్రమణకు వినియోగింపబడినచో తగిన చర్య గైకొందునని ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఆ యేడే వ్రాసియుండెను. తీరా 1965లో జరిగిన చర్య, ఇరుపక్షములకును ఆయుధములు నిలిపివేయుట! దొంగను, ఇల్లుగలవానిని ఒకే త్రాట కట్టినట్లయ్యెను. సంధి మాత్రము రెండవ అగ్రరాజ్యపు గడ్డపై, తాష్కెంటులో, 1966 జనవరి 10న కుదిరెను.

అణ్వస్త్రభీతిచే ఆ రెండు రాజ్యములును నేరుగా తలపడలేదు. వాని ఆయుధములు మాత్రము పరుల యిండ్లపై పడినవి. 1971 డిసెంబరులో, ఇదే హౌరా–మద్రాసు రైలుమార్గముననున్న విశాఖపట్టణము చెంత మునిగిన గాజీ జలాంతర్గామియు అమెరికా నిర్మించినదే. భారతమునకు ఆగస్టు 9 నాటి సోవియట్ ఒప్పందము అండగానుండెను. ఆ డిసెంబరులోనే అణుశక్తిచే నడచు ఎంటర్‌ప్రైజ్ నౌక బంగాళాఖాతమున ప్రవేశించెను.