వస్త్రాన్ని చారిత్రక ఆధారంగా చదవడం: ఆర్మేనియా నేత

శాసనాలు, నాణేలు, విదేశీ యాత్రికుల రాతలు చరిత్ర రచనకు ఎలా తోడ్పడతాయో గత పాఠాల్లో మీరు చదివారు. ఈ పాఠంలో మనిషి ఒంటిమీది బట్టను ఆధారంగా తీసుకుందాం. ఇందుకు ఆర్మేనియన్లను ఉదాహరణగా ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. నేడు యెరవాన్‌లోనూ, బీరూట్‌లోనూ, అమెరికా నగరాల్లోనూ ఆర్మేనియన్ మూలాలున్న కళాకారులు చేతిమగ్గాల మీద శాలువాలు, కండువాలు, పై అంగీలు నేస్తున్నారు. పాత తివాచీల మీది డ్రాగన్ ఆకృతులు, రాతి శిలువల మీది అల్లికలు, లిఖిత గ్రంథాల అంచుల్లోని పక్షులు వాటిమీదికి దిగివచ్చాయి. ఇదంతా వేల ఏళ్లుగా తెగకుండా వస్తున్న సంప్రదాయమని వాటిని పరిచయం చేసేవారు తరచుగా చెబుతుంటారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ మాట దగ్గర ఆగాలి. ఆ సంప్రదాయం తెగింది, అదీ ఒకటికి రెండుసార్లు. ఎక్కడ తెగింది, ఏ పోగు మిగిలింది అన్నదే మన ప్రశ్న.

నేటి ఆర్మేనియా కాకసస్ పర్వతాలకు దక్షిణాన ఉన్న చిన్న దేశం. అయితే 20వ శతాబ్ది ఆరంభం వరకు ఆర్మేనియన్లలో చాలామంది దానికి పశ్చిమాన, ఒట్టోమన్ సామ్రాజ్యంలోని వాన్, ఖార్‌బెర్ద్, మరాష్, ఐంతాబ్ వంటి పట్టణాల్లో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవారు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో వేషం. దానిని వారు 'తారాజ్' అంటారు. స్త్రీల వేషంలో నడుము ముందు భాగాన కట్టుకునే 'గోగ్నోత్స్' అనే గుడ్డ ముఖ్యమైనది. దాని రంగును, కుట్టుపనిని బట్టి ఆమె ఏ ప్రాంతపు మనిషో పోల్చుకునే వీలుండేది.

మొదట ఎరుపు రంగు సంగతి చూద్దాం. అరరాత్ మైదానంలోని చవుడు నేలల్లో పెరిగే గడ్డి వేళ్లను ఆశ్రయించి ఒక పురుగు బతుకుతుంది. శరదృతువులో కొద్ది వారాలపాటు తెల్లవారుజామున ఆడపురుగులు నేలపైకి వస్తాయి. పొద్దెక్కే లోపే చేత్తో ఏరుకోవాలి. వాటిని ఎండబెట్టి, కొవ్వు తీసి, తీసిన రంగును పటిక సాయంతో పట్టిస్తే పట్టుకూ ఉన్నికీ చిక్కటి ఎరుపు వస్తుంది. ఆర్మేనియన్లు దీన్ని 'వోర్దాన్ కర్మీర్' అంటారు, అంటే పురుగు ఎరుపు. అరబ్బులు 'కిర్మిజ్' అన్నారు. 9వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ బలాధురీ అర్తాషాత్‌ను కిర్మిజ్ ఊరుగా పేర్కొన్నాడు. 13వ శతాబ్ది చివర మార్కో పోలో అనటోలియాలోని ఆర్మేనియన్లూ గ్రీకులూ నేసే తివాచీలను, ఎర్రపట్టును మెచ్చుకున్నాడు. పర్షియన్ 'కిర్మ్', సంస్కృత 'క్రిమి' ఒకే కుదురు మాటలు. ఇంగ్లీషులో 'క్రిమ్సన్', ఉర్దూలో 'కిర్మిజీ', తెలుగులో 'కిరమంజి' ఆ దారిన వచ్చినవే. ఎంత దర్జా గల రంగైనా పేరులో పురుగును మోస్తూనే ఉంది!

ఈ రంగును మొదట దెబ్బతీసింది వాణిజ్యం. నాగజెముడు మీద పెరిగే మరో రంగు పురుగును 16వ శతాబ్దంలో స్పెయిన్‌వారు మెక్సికో నుంచి ఐరోపాకు ఎగుమతి చేయసాగారు. దాంట్లో కొవ్వు తక్కువ, రంగు చాలా ఎక్కువ. పైగా దాన్ని తోటలో పంటలా పెంచవచ్చు. ఏడాదికి కొద్ది వారాలు మాత్రమే నేలపైకి వచ్చే పురుగు దానితో పోటీపడలేదు. 19వ శతాబ్ది రెండో సగంలో రసాయన రంగులు వచ్చాయి. తర్వాత చవుడు నేలలకు నీరు పెట్టి సాగులోకి తేవడంతో పురుగుకు నెలవే కరువైంది. దాన్ని కాపాడేందుకు 1987లో ఆర్మేనియాలో సుమారు 220 హెక్టార్ల రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. కాబట్టి నేటి ఎర్ర శాలువాకు 'పురుగు ఎరుపు' అన్న పేరు కనిపిస్తే ఆ రంగు ఎక్కడిదని తప్పక అడగండి. అది మెక్సికో పురుగుది కావచ్చు, మంజిష్ఠ జాతి వేరుది కావచ్చు, రసాయనానిది కావచ్చు. అందువల్ల శాలువా అందానికి లోటు రాదు. అది చెప్పే చరిత్ర మాత్రం మారుతుంది.

ఇక్కడ మన నేలతో ఉన్న సంబంధాన్ని కూడా గమనించండి. 1604-05లో పర్షియా పాలకుడు షా అబ్బాస్ జుల్ఫా పట్టణపు ఆర్మేనియన్లను ఇస్ఫహాన్‌కు తరలించాడు. అక్కడి న్యూ జుల్ఫా నుంచి వర్తకులు మచిలీపట్నం, గోల్కొండ, మద్రాసు దాకా వచ్చారు. హైదరాబాదు ఉప్పుగూడలో వారి శ్మశానవాటిక ఉంది. వారు కొన్న సరుకుల్లో మన అద్దకపు నూలు బట్టలు కూడా ఉన్నాయి. వాటి ఎరుపు చిరివేరుది. పురుగు ఎరుపు పట్టుకూ ఉన్నికీ అనువైనట్లు నూలుకు అనువు కాదు. వర్తకం జరిగింది కదా అని నమూనాలు కూడా ఇటునుంచి అటు వెళ్లాయనుకోవద్దు. దానికి వేరే ఆధారం కావాలి.

రెండో తెగింపు 1915లో వచ్చింది. ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లనుంచి వెళ్లగొట్టి సిరియా ఎడారి వైపు నడిపించింది. లక్షల మంది చంపబడ్డారు, ఆకలితో చనిపోయారు. పల్లెలు ఖాళీ అయ్యాయి. వేషాన్ని చూసి ఊరిని పోల్చుకోవడానికి ఆ ఊరే లేకపోయింది. ఒక్క క్షణం ఆలోచించండి: అలా నడిచేవారు ఏ వృత్తిని వెంట తీసుకుపోగలరు? మగ్గం మోయలేరు, రంగుల బాన మోయలేరు. సూది మాత్రం బట్టల మడతలో ఇమిడిపోతుంది. ఆర్మేనియన్ల 'జన్యక్' లేసు నరసాపురం లేసులా కొక్కెంతో అల్లేది కాదు. మామూలు సూది, దారంతో ముడిమీద ముడి వేస్తూ పోతారు. మరాష్, ఐంతాబ్ కుట్టుపనులకు కూడా పెద్ద సామగ్రి అక్కర్లేదు. అలెప్పోలో, బీరూట్‌లో బతికి బయటపడ్డ స్త్రీలు ఈ పనులతోనే కడుపు నింపుకున్నారు. నేతకన్నా సూదిపని తక్కువగా తెగడానికి నాకు కనిపించే ముఖ్య కారణం ఇదే.

మగ్గం తిరిగి నిలబడటానికి సంస్థల ఆసరా కావలసివచ్చింది. లెబనాన్‌లోని ఘజీర్‌లో నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే అమెరికా సహాయ సంస్థ నడిపిన అనాథాశ్రమంలో బాలికలు 18 నెలలు శ్రమించి 44 లక్షలకు పైగా ముళ్లతో ఒక తివాచీ నేశారు. దాన్ని 1925లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు బహూకరించారు. 1915 నాటి ఘటనలను జాతి నిర్మూలన అనాలా వద్దా అన్న దౌత్య వివాదం నడుస్తున్నంత కాలం ఆ తివాచీ బయటికి రావడం కూడా చర్చనీయాంశమే అయింది. 2014 నవంబరులో కొద్ది రోజులు ప్రదర్శించారు. ఆ పేరుతోనే అమెరికా కాంగ్రెసు 2019లో, అధ్యక్షుడు 2021లో ఆ ఘటనలను గుర్తించారు. ఒక నేతపని సాక్ష్యం చెబుతుందని ప్రభుత్వాలు జంకిన సందర్భమిది.

ఇప్పుడు నేటి శాలువా దగ్గరికి రండి. దాన్ని నేసే కళాకారిణి నమూనాను మ్యూజియంలోని తివాచీ నుంచో, రాతి శిలువ నుంచో, 1967లో అరకెల్ పాత్రిక్ ప్రచురించిన వేషధారణ చిత్రాల సంపుటి నుంచో తీసుకుని ఉండవచ్చు. నేల మీద పరిచే తివాచీ డ్రాగన్ పాతకాలపు స్త్రీ భుజం మీద ఉండేది కాదు. దాన్ని భుజం మీదికి తెచ్చింది ఈ కాలపు నిర్ణయం. ఆమె నేత నేర్చుకున్నది కూడా వేరే దేశపు కళాశాలలో కావచ్చు. అంచున జన్యక్ లేసు ఉందనుకోండి, అది అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదై ఉండే అవకాశం ఎక్కువ. అటువంటి శాలువా మీ చేతికి వస్తే ముందుగా అంచు తిప్పి చూడండి.