పక్షవాతము: ఇంట జరిగిన చికిత్స

కరీంనగరమునుండి పెద్దపల్లికి పోవు త్రోవలో, బియ్యపు మిల్లులకు పేరుపడిన సుల్తానాబాదు, చిరకాలము కరీంనగరు జిల్లాలోనుండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఆసుపత్రులు కట్టిన తేదీలు శిలాఫలకములమీద నిలిచినవిగాని, ఈ సీమ పల్లెలలో కాలు చెయ్యి పడిపోయిన మనుష్యుని మరల నిలువబెట్టుటకు ఇంటివారు పడిన శ్రమ ఏ ఫలకముమీదను ఎక్కలేదు. పక్షవాతమునకు తొలినుండి చికిత్సాలయము ఇల్లేయైనను, పరిచర్య చేసినది భార్యయో కోడలోయైనను, ఆ చరిత్ర వ్రాయదగినదని మనకు తోచలేదు.

చరకసంహిత చికిత్సాస్థానమున పక్షవధమనియు, సుశ్రుతసంహిత నిదానస్థానమున పక్షాఘాతమనియు పేర్కొనబడిన ఈ వ్యాధికి ఆయుర్వేదము స్నేహనమును, స్వేదనమును, విరేచనమును విధించినది. వానిలో మొదటి రెండును నూనె మర్దనగా, కాపడముగా ఇండ్లలో నిలిచిపోయినవి. పావురపు నెత్తురు పూయు వాడుకయు, చిత్తూరు జిల్లా విరూపాక్షపురపు మందుకై దూరప్రయాణము చేయు వాడుకయు తెలుగునాట ప్రసిద్ధములే. దిక్కుతోచనివారి ఆశను నిందింప నా మనసొప్పదు. అయినను, మెదడు నాళములో గడ్డకట్టిన నెత్తురును కరగించు మందు నాలుగున్నర గంటలలోపల అందవలసియుండగా, ఆ గడియలు ఇట్టి ప్రయత్నములలో గడచిపోవుట నన్ను మిక్కిలి బాధించును. మర్దనమునందు వేఱొక లోపమును గలదు: శ్రమించునది మర్దించువారి చేయి, రోగి చేయి ఊరక పడియుండును.

కోతుల మెదడుపై పరిశోధించిన రాండాల్ఫ్ నూడో బృందము, చేతికి పదే పదే పని కల్పించినచో దెబ్బతిన్న చోటికి ప్రక్కనున్న మెదడు భాగము చేతి వశము తప్పక నిలుచుననియు, ఒక్కొక్కచో విస్తరించుననియు 1996లో చూపినది. కావున కదలవలసినది రోగియే. అదియు ప్రతిదినము, నెలల తరబడి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై పల్లెలకు వ్యాపించిన 108 వాహనము, కరీంనగరమున వెలసిన వైద్య కళాశాలలు ప్రాణములను నిలిపినవి. కాని కొన్ని దినములకే రోగి ఇల్లు చేరును, ఫిజియోథెరపిస్టు సుమారు 25 కిలోమీటర్ల దూరమున పట్టణమునందుండును.

ఇంటివారికే నేర్పిన చాలునా? భారతదేశమున 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో జరిపి 2017లో ప్రకటించిన అటెండ్ పరీక్ష ఈ ప్రశ్ననే అడిగినది. కుటుంబమునకు శిక్షణ యిచ్చి ఇంటికి పంపినను, ఆరు నెలల తరువాత మామూలు చికిత్స పొందినవారికంటె విశేషమైన మేలు కనబడలేదు. ఈ ఫలితము చదివి ఇంటివారి చేతకానితనమును తలపోయువారితో నేనేకీభవింపను. వంట, పొలము, పసిపిల్లలు అన్నియు మోయుచున్న స్త్రీపై మఱియొక విద్యను మోపి, తరువాత పలుకరించువారు తగినంతగా లేకుండుటయే లోపమని నా నమ్మకము. అమెరికాలో స్టీవెన్ క్రేమర్ బృందము 2019లో ప్రకటించిన 124 మంది పరీక్షలో, ఇంట కంప్యూటరు ఆటలతో వ్యాయామము చేసినవారు చికిత్సాలయమునకు పోయినవారికి తీసిపోలేదు; అక్కడ 36 పూటలలో సగము పూటలందు చికిత్సకుడు తెరమీద కనబడుచుండెను.

మన చెంత, సురేశ్‌కుమార్ కమలకణ్ణన్ బృందము చెన్నైలో రూపొందించిన ‘కేర్ ఫర్ స్ట్రోక్’ అను స్మార్టుఫోను సాధనము, తొలి విడత 30 మంది రోగుల యిండ్లకు పోగా, సంకేతము అందకుండుట, వీడియోలు నిలిచి నిలిచి నడచుట, బొమ్మ స్పష్టముగా లేకుండుట బయటపడినవి. రూపకర్తలు వానిని దిద్దిన పిమ్మటనే మరల పరీక్షించి, 2016లో ఆ వృత్తాంతమును ప్రకటించిరి. లోపములను దాచక ప్రకటించిన ఈ నిజాయితీ నాకు గౌరవపాత్రము.

సుల్తానాబాదు పల్లెలకు అట్టి సాధనమును కల్పింపబూనువారు ఇంటి దినచర్యను తెలిసికొని మొదలుపెట్టవలెను. బీడీలు చుట్టి బ్రతికిన స్త్రీకి రబ్బరు బంతి పిసుకుటకంటె తునికాకు కత్తిరించుట, దారము చుట్టుట వ్రేళ్లెఱిగిన పని. మిల్లువద్ద చేటతో చెరిగినవానికి చేట పట్టుటయే భుజమునకు వ్యాయామము. పలుకునదియు గ్రంథభాష కారాదు, “ఇయ్యాల అత్తమ్మ గిలాస తనే పట్టుకున్నదా?” అని కోడలిని అడుగవలెను. ఇంట నొక్కటే స్మార్టుఫోనున్నచో, అది ప్రొద్దుటనే కొడుకు జేబులో పనికి పోవును. కావున పాఠము సంకేతము లేకున్నను రాత్రిపూట తెరచుకొనవలెను, పగటివేళ ఇంట నుండు బటన్ల ఫోనుకు మనిషి గొంతుతో పిలుపు రావలెను.