సావిన్యీ చూపు

మిడత దవడలకూ సీతాకోకచిలుక తొండానికీ చుట్టరికం ఉందంటే మొదట నేను నమ్మలేదు. ఒకటి ఆకు కొరికేది, మరొకటి తేనె పీల్చేది. 1798లో నెపోలియన్ సేన వెంట ఈజిప్టుకు వెళ్ళిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు సావిన్యీ, కీటకాల నోళ్ళను ఓపికగా విప్పి చూసి, 1816లో ఆ చుట్టరికాన్ని లోకానికి చూపాడు. పైపెదవి, రెండు జతల దవడలు, కిందిపెదవి: మూలాంగాలు రెంటికీ ఇవే. మిడత నోట ఆకును పట్టి ఉంచే రెండవ జత దవడలే సీతాకోకచిలుకలో పొడవుగా సాగి, జతకూడి గొట్టమయ్యాయి.

మరుసటి ఏడాదే ఆయన కళ్ళకు జబ్బు సోకింది. వెలుగు భరించలేక చీకటిలోనే బతికి, 1851లో కన్నుమూశాడు. 1859లో డార్విన్ ఈ నోళ్ళ పోలికనే పరిణామానికి సాక్ష్యంగా చూపాడు.

పువ్వుపై సీతాకోకచిలుక వాలినప్పుడల్లా నాకు ఆ చీకటే జ్ఞాపకం వస్తుంది.