దూరం నుంచి గీసిన డబ్బు బొమ్మలు

1955 జనవరిలో పశ్చిమ నైజీరియాలో ఉచిత ప్రాథమిక విద్య మొదలైంది. ఒబాఫెమి అవొలొవొ ప్రభుత్వం బడులు తెరిచింది, వాటి ఖర్చుకు పన్నులు కావాలంది. కట్టిన పన్ను ఎక్కడికి పోతుందో చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లకు చెప్పేదెలా? అది బొమ్మలతో చెప్పే పుస్తకాల పని లండన్‌లోని ఐసోటైప్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది.

దాన్ని నడిపింది మేరీ న్యూరాత్. 1925లో వియన్నాలో ఒట్టో న్యూరాత్ ప్రారంభించిన మ్యూజియంలో ఆమె తొలినాళ్ల నుంచీ పనిచేశారు. లెక్కలను బొమ్మలతో చెప్పడమే అక్కడి పద్ధతి. సంఖ్య పెరిగితే బొమ్మ సైజు పెరగదు, అదే బొమ్మ ఎక్కువసార్లు వరుసలో నిలబడుతుంది. నైజీరియా పని మీద మేరీ 1954లో స్వయంగా అక్కడికి వెళ్లి ఇళ్లూ, మనుషులూ, వాళ్ల బట్టలూ చూసివచ్చారు. వియన్నా కోటూ టోపీ బొమ్మ అక్కడ చెల్లదు మరి.

మేరీలా ప్రయాణం చేయకుండా, ఇంట్లో కూర్చుని, కూలి అడగకుండా, ఎక్కడో ఉన్నవాళ్ల కోసం గీసిపెట్టే వీలు తర్వాత ఇంటర్నెట్‌తో వచ్చింది. 2000లో ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం నెట్ఎయిడ్ అనే సంస్థతో కలిసి ఆన్‌లైన్ సేవను ప్రారంభించింది. అనువాదం, రాతపనితో పాటు డిజైన్ చేసిపెట్టేవాళ్లకూ అందులో చోటుంది. 2010లో నౌన్ ప్రాజెక్ట్ అనే వెబ్‌సైట్ వచ్చాక రకరకాల దేశాల డిజైనర్ల గుర్తులు ఒక్కచోట చేరసాగాయి. చిన్న సంస్థలకు, పరిశోధకులకు ఇదెంత మేలో చెప్పలేం.

అయితే గీసినవాళ్లకు తోచిన అర్థమే చూసినవాళ్లకూ తోస్తుందా? దీన్ని ఓపిగ్గా తేల్చింది బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసిన ఇంద్రాణి మేధి. 2005 ప్రాంతంలో ఆమె బృందం అక్కడి బస్తీల్లో ఉంటూ ఇళ్లలో పనిచేసే మహిళల కోసం అక్షరాల్లేని కంప్యూటర్ తెరలు తయారుచేసింది. వంటగది బొమ్మ చూపిస్తే వాళ్లకు కనిపించింది వంటగదే, అక్కడ చేసే పని కాదు. కుళాయిలోంచి నీళ్లు పడుతున్నట్టు, గిన్నెలోంచి ఆవిరి లేస్తున్నట్టు గీస్తే గానీ ‘గిన్నెలు తోమడం’, ‘వండటం’ అని అర్థం కాలేదు. రెండు గీతల తేడా. బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నా డిజైనర్‌కు అది తట్టదు. చూసే మనిషే చెప్పాలి.

2009లో అదే బృందం ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతుల మీద పరిశోధన వెలువరించింది. ఉత్త అక్షరాల మెనూ కంటే బొమ్మలూ మాటలూ కలిసిన తెరతో ఎక్కువమంది పని పూర్తిచేశారు. మాటలతోనే నడిచే పద్ధతిలో పని త్వరగా అయింది, సాయం కూడా తక్కువ అవసరమైంది. ఇవాళ తెలుగు ఊళ్లలో టిఫిన్ బండి మీద సౌండ్‌బాక్స్ ‘ఇంత వచ్చింది’ అని పలుకుతుంటే ఆ ఫలితం గుర్తుకు రాక మానదు.

మన ప్రభుత్వం కూడా నాణేల మీద బొమ్మల దారి తొక్కింది. 2007 నుంచి వచ్చిన నాణేల్లో రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్లు, అర్ధరూపాయి మీద పిడికిలి వేశారు. లెక్క చేతి మీదే చూపాలన్న ఆ ఆలోచన నిజంగా మెచ్చుకోదగ్గది. 2011 నాణేల్లో వేళ్లు పోయి పూల నగిషీ వచ్చింది. రిజర్వు బ్యాంకు నుంచి 2022లో వచ్చిన ‘రాజు అండ్ ది ఫార్టీ థీవ్స్’ పుస్తకం ఆన్‌లైన్ మోసాలను బొమ్మల కథలుగా చెప్పింది.

2016లో యూపీఐ వచ్చాక డిజైనర్ల ముందు ఇంకా కష్టమైన పని పడింది. డబ్బు పంపాలంటే మామూలుగా పిన్ కొట్టాలి, రావడానికి అక్కర్లేదు. ఎంతోమందిని ముంచిన మోసం ఈ ఒక్క తేడా మీదే నడిచింది. ఫోన్, నోటు, బాణం ఎవరైనా గీస్తారు. ‘ఇక్కడ ఏమీ నొక్కొద్దు’ అన్నది గీయడమే కష్టం. ఆ బొమ్మ ఏ దేశంలో తయారైనా, దాన్ని పట్టుకెళ్లి కూరగాయలమ్మే ఆమెకు చూపించి, ‘ఇందులో ఏం చేయమంటున్నారమ్మా?’ అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు డిజైనర్‌కు చేరవేసే మనిషి ఉండాలి. సగం డిజైన్ ఆ మనిషి చేతిలోనే ఉంది.